సంభాషణ తరగతిలో లావోట్జుకు పనేమిటి?

పలకబలపం: ఇంజనీరింగ్ విద్యార్థులకు సంభాషణ నైపుణ్యాలు బోధిస్తున్నాను. చక్రానికి ముప్పై ఆకులున్నా బండి నడిచేది నాభిలోని ఖాళీ వల్లనేనని ప్రాచీన చైనా తత్త్వవేత్త లావోట్జు రాసినదిగా చెప్పే ‘తావో తె చింగ్’ గ్రంథం 11వ అధ్యాయం చెబుతుంది. ప్రశ్న అడిగి నేను కాసేపు ఊరుకుంటే ఆ ఖాళీలోకి విద్యార్థుల మాటలు వస్తాయన్నది నా వాదన.

వాదప్రియ: అదే గ్రంథం 56వ అధ్యాయంలో తెలిసినవాడు మాట్లాడడనీ, మాట్లాడేవాడికి తెలియదనీ ఉంది. అది నమ్మిన గురువుకు జీతమెందుకు? అలాగైతే ఆ పెద్దాయన లావోట్జు ఐదువేల అక్షరాల ఈ పుస్తకం ఎందుకు రాసినట్టని తాంగ్ యుగపు చైనా కవి బై జుయీ (772–846) ఏనాడో ఎగతాళి చేశాడు.

పలకబలపం: ఒక్క వాక్యాన్ని పట్టుకుని వేలాడకండి. లావోట్జులాగే తావోను (సహజ మార్గాన్ని) బోధించిన జువాంగ్జి గ్రంథం నాలుగో అధ్యాయంలో కన్ఫ్యూషియస్ తన శిష్యుడు యెన్ హుయితో చెవితో కాదు, మనసుతో వినమని, ఆపైన మనసుతో కూడా కాదు, ప్రాణశక్తితో వినమని చెబుతాడు; దానికి మనసు ఉపవాసమని పేరు. మన బృందచర్చల్లో గొంతు పెంచినవాడికే మార్కులు, విన్నవాడికి సున్నా.

ఏటిగట్టు: వేరే సంప్రదాయానికి చెందిన కన్ఫ్యూషియస్ నోట తావో పలికించడం జువాంగ్జి కొంటెతనమే కదండీ!

వాదప్రియ: ఐదువేల అక్షరాల సంగతికి జవాబు రాలేదు.

పలకబలపం: గొప్ప వాగ్ధాటి తడబాటులా కనిపిస్తుందని 45వ అధ్యాయంలో ఉంది. అక్షరాలు లెక్కపెట్టేవారికి అది కనిపించదు.

వాదప్రియ: ఎత్తిపొడుపు ఎందుకు? తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నేను మొదటి సంవత్సరమంతా వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటే, మా అధ్యాపకుడు దానిని వినయమని మెచ్చుకున్నారే తప్ప ఒక్కసారీ మాట్లాడించలేదు. తరువాత ఇంటర్వ్యూలలో ఆ వినయం నన్ను ముంచింది. నోరు పెగలనివాడికి మౌనం గొప్పదనం చెప్పడం అంటే ఆకలిగొన్నవాడికి మీ ఉపవాస మహిమ చెప్పడమే.

పలకబలపం: ఊరుకోమన్నది విద్యార్థిని కాదు, అధ్యాపకుణ్ని. ఉత్తమ పాలకుడు పని ముగించాక ప్రజలు అంతా తామే చేసుకున్నామంటారని 17వ అధ్యాయం చెబుతుంది.

వాదప్రియ: మీరు వదిలిన ఖాళీని ఎవరు ఆక్రమిస్తున్నారో చూశారా? చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులో చదివిన నలుగురు. మిగిలినవారికి మీ మౌనం మరో తాళం.

శ్రోత: మా తరగతిలోనూ అదే తంతు.

పలకబలపం: అలాగని పేరు పిలిచి నిలబెట్టమంటారా? నేను అలా నిలబెట్టిన ఒక అమ్మాయి ఆపైన నా తరగతికే రావడం మానేసింది. బలవంతం చేయకపోవడమే కదా తావో నేర్పేది.

వాదప్రియ: నన్ను పిలిచి ఉంటే నేను వచ్చేవాణ్ని. ముందురోజే విషయం చెప్పి, మొదట ఇద్దరిద్దరుగా మాట్లాడించి, ఆ తరువాత పేరు పిలిస్తే ఎవరూ పారిపోరు. ఆ శ్రమ పడకుండా కూర్చోవడానికి తత్త్వమని పేరు పెట్టకండి.