లైట్ మారిస్తే కోరల్‌కి నిజంగా రంగు వస్తుందా, వచ్చినట్టు కనిపిస్తుందా?

సాగరనీలం:

అందరికీ నమస్కారం. ఉప్పునీటి ట్యాంకులో పైవరుసలో పెట్టిన ఒక అక్రోపోరా (కొమ్మలుగా పెరిగే కోరల్, అంటే పగడం) గురించి సలహా కావాలి. తెచ్చినప్పుడు ఒళ్లంతా లేత ఆకుపచ్చ, కొమ్మల కొసలు ఊదా. ఇప్పుడు కొసల దాకా గోధుమరంగే. పాలిప్స్ (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు) బాగానే విచ్చుకుంటున్నాయి, కొసన కొత్త పెరుగుదల తెల్లగా కనబడుతోంది, అడుగు నుంచి చర్మం ఊడిపోవడం లాంటిదేమీ లేదు. అంటే ప్రాణానికి ఢోకా లేదు, రంగే పోయింది.

లైట్ ఎల్‌ఈడీ. తెలుపు, నీలం రెండు చానెళ్లూ ఇంచుమించు సమానంగా పెట్టాను, కానీ రెండూ తక్కువలోనే నడుస్తున్నాయి. నైట్రేట్ 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.12. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంది. నీలం బాగా పెంచితే రంగు తిరిగొస్తుందని కొందరు, అది కళ్లకు గంతలు కట్టడమే తప్ప కోరల్‌లో మార్పేమీ ఉండదని ఇంకొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నీలిరాత్రి:

ఆలోచించడానికేం లేదండీ, నీలం పెంచండి. తెలుపును పది పదిహేను శాతానికి దించేయండి. సముద్రంలో ఎరుపు కాంతిని మొదటి కొన్ని మీటర్ల నీరే చాలావరకు మింగేస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ మిగిలేది నీలమే. కోరల్స్ ఆ వెలుగులోనే పుట్టి పెరిగాయి. వాటి కణాల్లో కాపురముండే జూజాంథెల్లే నాచు కూడా నీలి కాంతిని చాలా బాగా వాడుకుంటుంది. తెలుపు మన కళ్ల కోసం, నీలం కోరల్ కోసం. నేను ఏళ్లుగా ఇలాగే నడుపుతున్నాను. ట్యాంకు ముందు నిలబడ్డవాళ్లు కదలరు.

పగటివెలుగు:

నీలిరాత్రి గారూ, ట్యాంకు ముందు నిలబడ్డవాళ్లు కదలకపోవడం రుజువు కాదు కదా.

కోరల్‌లో మనకు కనబడే రంగు మూడు చోట్ల నుంచి వస్తుంది. లోపలి పొరలో ఉండే నాచుది గోధుమరంగు. పై పొరలో కోరల్ తానే తయారుచేసుకునే ఫ్లోరసెంట్ ప్రోటీన్లు ఉంటాయి. ఇవి నీలం, వయొలెట్ కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో తిరిగి వెలిగిస్తాయి. మూడోవి క్రోమోప్రోటీన్లు. ఇవి సొంతంగా వెలగవు. 560 నుంచి 590 నానోమీటర్ల దగ్గరి పసుపు కాంతిని పీల్చుకుంటాయి, మిగిలినది మన కంటికి ఊదాగా, గులాబీగా కనబడుతుంది. వీటన్నిటికీ అడుగున తెల్లటి సున్నపు అస్థిపంజరం.

తెలుపు తీసేసి నీలం ఒక్కటే ఉంచితే ఫ్లోరసెంట్ ప్రోటీన్లు కణకణలాడతాయి. గోధుమరంగు కనబడటానికి కావలసిన పసుపు, ఎరుపు కాంతి గదిలోనే లేదు కాబట్టి నాచు చీకట్లో కలిసిపోతుంది. కోరల్‌లో వీసమెత్తు మార్పు లేకుండానే, మీట నొక్కిన క్షణంలోనే రంగొచ్చినట్టు ఉంటుంది. పైగా సాగరనీలం గారు పోగొట్టుకున్నది ఊదా కొసలు. అది చాలావరకు క్రోమోప్రోటీన్ పని. దాన్ని నీలి వెలుగులో చూస్తే మసకగా, నల్లబారినట్టు ఉంటుంది. వచ్చిందో లేదో తెలియను కూడా తెలియదు.

అమ్మకానికి పెట్టే ఫొటోలు చూడండి. పూర్తి నీలం కింద, లెన్స్ ముందు నారింజ ఫిల్టర్ పెట్టి తీసినవే ఎక్కువ. ఇంటికొచ్చాక తెల్ల లైటులో చూసుకుని కొత్తవాళ్లు నీరుగారిపోతారు. దీన్ని హాబీలో మామూలు విషయంగా తీసుకోవడం నాకు నచ్చదు.

నీలిరాత్రి:

ఫొటోల సంగతి వేరు, దానిలో మీతో పేచీ లేదు. కానీ 'వీసమెత్తు మార్పు లేకుండా' అన్నారు చూడండి, అక్కడ తప్పు. మీట నొక్కిన క్షణంలో మారదు, నిజమే. వారాల తరబడి నీలి కాంతి పడితే మారుతుంది. 2008లో ఒక మెరైన్ ఎకాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం సరిగ్గా దీనిమీదే. అక్రోపోరా, మాంటిపోరా లాంటి కోరల్స్‌లో కాంతి తీవ్రత పెరిగేకొద్దీ వాటి సొంత వర్ణకాలు పెరిగాయి, ఆ పెరుగుదలకు ముఖ్యంగా కారణం నీలి కాంతి. ఫ్లోరసెంట్ ప్రోటీన్లకే కాదు, మీరు చెప్పిన క్రోమోప్రోటీన్లకూ ఇది వర్తిస్తుంది. కాబట్టి నీలం చూపించడమే కాదు, పుట్టిస్తుంది కూడా.

పగటివెలుగు:

ఆ అధ్యయనం నేనూ చదివాను. అందులో 'తీవ్రత పెరిగేకొద్దీ' అన్న మాటను మీరు దాటేసి వెళ్లారు. మీరిచ్చిన సలహా తెలుపు తగ్గించమని. నీలం ఎంతుందో అంతే ఉంచి తెలుపు దించితే మొత్తం కాంతి పడిపోతుంది. ఇంకొకటి, తెల్ల ఎల్‌ఈడీ అంటే చాలావరకు లోపల ఉండేది నీలి చిప్పే, పైన ఫాస్ఫర్ పూత. తెలుపు దించిన ప్రతిసారీ దానితోపాటు కొంత నీలాన్నీ దించుతున్నారు.

పార్‌మీటర్:

అసలు ప్రశ్న ఇదే. సాగరనీలం గారూ, ఆ కోరల్ ఉన్నచోట పార్ (నాచు వాడుకోగల వెలుతురు కొలత) ఎంత? శాతాలు చెబితే మాకు ఏమీ తెలియదు. ఒక లైట్‌లో 40 శాతం ఇంకో లైట్‌లో 90తో సమానం కావచ్చు.

సాఫ్ట్ కోరల్స్‌కి 50 నుంచి 150, అక్రోపోరాకి 200 నుంచి 350 మధ్య అన్నది చాలామంది పాటించే లెక్క. ఎండ మండే మధ్యాహ్నం రీఫ్ పైభాగంలో ఇది దాదాపు 2000 దాకా వెళ్తుంది, కాబట్టి 300 అనగానే హడలిపోనక్కర్లేదు. వెలుగు తక్కువైనప్పుడు కోరల్ చేసేది ఒక్కటే, ఉన్న కాస్త కాంతినీ వదలకుండా పట్టుకోవడానికి నాచును, దానిలోని క్లోరోఫిల్‌ని పెంచుకోవడం. ఎండ నుంచి కాపాడుకోవాల్సిన అవసరం లేనప్పుడు వర్ణకాల మీద శక్తి ఎందుకు ఖర్చు పెడుతుంది? గోధుమరంగు జబ్బు కాదు, వెలుతురు చాలడం లేదని చెప్పడం.

మీటర్ అరువు తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. పాత రకం సెన్సర్లు నీలాన్ని తక్కువగా చూపిస్తాయి. అంకె చూసి తక్కువుందని లైట్ పెంచితే కోరల్ తెల్లబడి కూర్చుంటుంది.

నీటిపరీక్ష:

అందరూ లైట్ చుట్టూనే తిరుగుతున్నారు. నైట్రేట్ 15, ఫాస్ఫేట్ 0.12 అని మొదటి పోస్టులోనే ఉంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆ నాచుకు నైట్రేట్ ఎరువు. ఎరువు దండిగా ఉంటే కణాలు పెరిగి పెరిగి, ముందున్న వర్ణకం ఎంత మంచిదైనా వెనక గోధుమ తెర వేసినట్టు అవుతుంది. ముందు స్కిమ్మర్ (నీటిలోని మలినాలను నురగగా తీసే పరికరం), మేత, నీటి మార్పు సంగతి చూసుకుని నైట్రేట్ 5 దగ్గరికి, ఫాస్ఫేట్ 0.05 దగ్గరికి తేవాలి. లైట్ తరవాత.

పార్‌మీటర్:

నైట్రేట్ 15 ఉన్నా కళకళలాడే అక్రోపోరా ట్యాంకులు చాలా చూశాను. వాటన్నిటికీ పైన వెలుతురు గట్టిగా ఉంటుంది.

నీటిపరీక్ష:

ఉంటాయి, కాదనను. కానీ వెలుతురు పెంచడంలో పొరపాటు జరిగితే వారంలో కోరల్ పోతుంది. నీరు మెల్లగా బాగుచేస్తే ఆ ప్రమాదం లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి తేవాలని చూడొద్దు. సున్నా దగ్గర నాచు చిక్కిపోయి కోరల్ లేత లేత రంగుల్లో అందంగా కనబడుతుంది, దాన్ని చూసి మురిసిపోతాం. ఆ స్థితిలో లైట్ పెంచితే తట్టుకునే బలం దానికి ఉండదు. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ పూర్తిగా అయిపోవడం మరీ ప్రమాదం. అలా ఫాస్ఫేట్ కరువులో పడ్డ కోరల్స్ వేడికీ వెలుతురుకీ తొందరగా బ్లీచ్ అవుతాయని (నాచును పోగొట్టుకుని తెల్లబడతాయని) 2013లో ఒక ప్రయోగశాల అధ్యయనం చూపించింది. ఫాస్ఫేట్ తొలగించే మీడియా ఒకేసారి డబ్బాడు పోసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొమ్మచాటు:

నీరా, లైటా అన్న గొడవ తీరడానికి ఎవరి ట్యాంకులోనైనా దొరికే సాక్ష్యం ఒకటుంది. బాగా గుబురుగా పెరిగిన ఏ అక్రోపోరా కాలనీనైనా తీసుకుని, లైట్ తెలుపులో పెట్టి, పక్కనుంచి వంగి కొమ్మల కింది వైపు చూడండి. పైవైపు ఊదా, కిందివైపు గోధుమ. రెండింటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఒక ఫ్రాగ్ (పెంచడానికి విరిచి నాటిన చిన్న కోరల్ ముక్క) మీదకి పక్కనున్న మాంటిపోరా పళ్లెంలా విస్తరించి నీడ పట్టిందనుకోండి, ఆ పళ్లెం విరగ్గొట్టి తీసేస్తే కింద దాని అంచు ఆకారంలోనే గోధుమ మచ్చ కనబడుతుంది. కొన్ని వారాలు వెలుతురు తగిలాక ఆ మచ్చ అంచుల నుంచి లోపలికి రంగెక్కుతూ వస్తుంది.

ఒకే కాలనీ, ఒకే జన్యువులు, ఒకే నీరు, ఒకే నైట్రేట్. తేడా వెలుతురు ఒక్కటే. నీటిపరీక్ష గారి మాట తప్పని కాదు, కానీ రంగును పుట్టించేది వెలుతురు, దాన్ని కప్పేసేదో కప్పకుండా ఉంచేదో నీరు.

అందుకే నేను ఇప్పటికీ ఎల్‌ఈడీకి రెండు వైపులా టీ5 (సన్నటి ఫ్లోరసెంట్) ట్యూబులు ఉంచుకుంటాను. ఎల్‌ఈడీ వెలుగు చిన్న చోటు నుంచి సూటిగా పడుతుంది, కొమ్మల కింద నీడ గాఢంగా ఉంటుంది. ట్యూబు వెలుగు పొడవునా పరుచుకుంటుంది కాబట్టి కిందివైపు కూడా రంగు పడుతుంది. ట్యూబుల స్పెక్ట్రమ్‌లో ఏదో మహత్యం ఉందనేవాళ్లతో నేను ఏకీభవించను. అదంతా వెలుగు పరుచుకునే తీరే.

ఎర్రలోబో:

మీరంతా అక్రోపోరాని చూసి కోరల్ అంటే ఇంతే అంటున్నారు. 'వెలుతురు పెంచితే రంగొస్తుంది' అన్న మాట విని ఎవరైనా ఇసుక మీద తక్కువ వెలుతురులో ఉండే ట్రాకిఫిలియాని పైవరుసకు ఎక్కిస్తే దాని పని అయిపోయినట్టే.

లోబోఫిలియా, ట్రాకిఫిలియా లాంటి ఎల్‌పీఎస్‌లలో (పెద్ద పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్‌లో) ఎరుపు వచ్చే దారే వేరు. వాటిలో కొన్ని ప్రోటీన్లు మొదట ఆకుపచ్చగా తయారవుతాయి. 400 నానోమీటర్ల దగ్గరి వయొలెట్ కాంతి తగిలినప్పుడు ఆ ప్రోటీన్ లోపలి నిర్మాణమే మారి ఎర్రగా వెలుగుతుంది. మారింది మళ్లీ ఆకుపచ్చ కాదు, కానీ పాత ప్రోటీన్ పోయి కొత్తది పుడుతూనే ఉంటుంది కదా. అందుకే వయొలెట్ లేని లైట్ కిందికి మారిస్తే ఎరుపు మెల్లగా వెనక్కి తగ్గొచ్చు. నా ట్రాకిఫిలియాలో నోటి చుట్టూ ఆకుపచ్చ, వెలుతురు నేరుగా తగిలే మడతల మీద ఎరుపు. మడతల మధ్య లోయల్లో ఇప్పటికీ పచ్చగానే ఉంటుంది.

ఇదంతా ఇసుక మీద, మీరు చాలా తక్కువ అనుకునే పార్‌లో. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం లోతు నీళ్లలో ఉండే కోరల్స్‌కి ఈ ఎర్ర ప్రోటీన్లు గొడుగులు కావు. పైన పడిన నీలాన్ని నారింజ-ఎరుపుగా మార్చి, కండలో ఇంకా లోపలికి చేరేలా చేసి, అక్కడి నాచుకు అందిస్తాయి. పార్‌మీటర్ గారు చెప్పినట్టు ఎండ నుంచి కాపాడుకోవడానికే రంగు అన్నది పైనున్న జాతులకు సరే, అన్నిటికీ కాదు.

పార్‌మీటర్:

ఒప్పుకుంటాను, నేను చెప్పింది అక్రోపోరా గురించే. అడిగినదీ అదే కాబట్టి.

నీలిరాత్రి:

ఎర్రలోబో గారూ, వయొలెట్ చానెల్ గురించి చెప్పినందుకు సంతోషం. చాలామంది మన కంటికి సరిగా కనబడదని దాన్ని ఆపేస్తారు. మరి ఎరుపు చానెల్ సంగతి? కొన్ని లైట్లలో ఉంటుంది, పెంచితే గులాబీ కోరల్స్ బాగుంటాయంటారు.

కొమ్మచాటు:

కంటికి బాగుంటాయి, అంతవరకే. ఎరుపు ఎక్కువైతే స్టైలోఫోరా అనే కోరల్ ఆరోగ్యం దెబ్బతిందని, నాచు కూడా తగ్గిందని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. చూసుకోవడానికి కొంచెం చాలు.

పగటివెలుగు:

ఇంకో మాట, సాగరనీలం గారు నిరాశపడకుండా ముందే చెప్పాలి. రంగుకి జన్యువులు గీసిన హద్దు ఉంటుంది. అక్రోపోరా మిలెపోరాలో పక్కపక్కనే, ఒకే వెలుతురులో పెరిగినా ఒకటి ఎర్రగా, ఒకటి పాలిపోయినట్టు ఉంటుంది. ఎర్ర ప్రోటీన్ జన్యువుకు ఉన్న ప్రతుల్లో ఎన్ని పనిచేస్తున్నాయన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుందని 2015లో తేలింది. పక్కవాళ్ల ట్యాంకులో కనబడే రంగు మీ ముక్కకి ఏ లైటూ తెచ్చిపెట్టలేకపోవచ్చు. కానీ మీ కోరల్‌కి ఒకప్పుడు ఊదా కొసలున్నాయి, అంటే ఆ శక్తి దానిలో ఉంది.

సాగరనీలం:

అందరికీ చాలా థ్యాంక్స్. తెలిసినవాళ్ల దగ్గర మీటర్ తీసుకుని కొలిచాను. కొత్త రకమే. కోరల్ దగ్గర 110 చూపించింది. పైవరుసలో ఉంది కదా, వెలుతురుకేం లోటు అనుకుంటూ వచ్చాను. దానికన్నా లైట్‌కి దగ్గరగా, నేరుగా కింద ఉన్న రాయి మీద 190. అయితే కోరల్‌ని జరపాలా, లైట్ పెంచాలా?

పార్‌మీటర్:

జరపొద్దు, అది రాయికి అతుక్కుని పెరుగుతోంది కదా. లైట్ పెంచండి. నీలం, వయొలెట్ ముందు. వారానికి 10 శాతం మించకుండా, 250 దగ్గర ఆపండి. కిందనున్న సాఫ్ట్ కోరల్స్ ముడుచుకుంటుంటే వాటిని నీడకు మార్చండి. లైట్ వెలిగే గంటలు మాత్రం పెంచొద్దు, రోజుకు 9 గంటలు చాలు. కొసలు పాలిపోవడం మొదలైతే వెంటనే ఒక మెట్టు దిగండి.

నీటిపరీక్ష:

లైట్ పెంచే వారాల్లో నీటిని కదిలించొద్దు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు. 250 దగ్గర కుదురుకున్నాక కూడా గోధుమరంగు వదలకపోతే అప్పుడు నైట్రేట్ మెల్లగా దించుదాం. ముందు నీరే అన్న నా మాట ఈ 110 చూశాక ఈ ట్యాంకు విషయంలో పట్టుబట్టను.

పగటివెలుగు:

ప్రతివారం ఒకే రోజు, తెలుపు చానెల్ ఒకే స్థాయిలో పెట్టి, ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ ఆటోలో కాకుండా ఒకే అంకె దగ్గర ఉంచి ఫొటో తీయండి. పై నుంచి ఒకటి, కొమ్మల కింది నుంచి ఒకటి. ఇక్కడే పెట్టండి, నీలిరాత్రి గారూ నేనూ వాటి మీదే తేల్చుకుంటాం.