ఎస్‌ఎస్ దళపు బాకులు, ఖడ్గాలు: అసలువి గుర్తించడం ఎలా, దొరికితే ఏం చేయాలి?

కృష్ణాతీరం (ఒహాయో):
మా పక్కింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తుండగా, రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చిన ఆమె తండ్రి ట్రంకు పెట్టెలో ఒక బాకు బయటపడింది. నల్లటి చెక్క పిడి, దాని మధ్యలో గద్ద, పైభాగాన గుండ్రని బిళ్ళలో మెరుపుల వంటి రెండు గీతలు, అలుగు పొడవునా జర్మన్ అక్షరాలు ఉన్నాయి. హిట్లర్ నాజీ పార్టీ నాయకులలో ఒకడైన హిమ్లర్ నడిపిన ఎస్‌ఎస్ దళానిదని తెలిసింది గాని, అసలుదో నకిలీదో తేల్చుకోలేకపోతున్నాము. ఆవిడకు దానిని అమ్ముకోవాలని లేదు, చెత్తలో వేయడానికీ మనసొప్పడం లేదు. ఇటువంటివి చేతితో పట్టుకుని చూసినవారు ఎవరైనా సలహా చెప్పగలరా?

పాత ఇనుము (న్యూజెర్సీ):
మీరు చెప్పినవి 1933 నమూనా బాకు గుర్తులు. పదహారవ శతాబ్దపు స్విట్జర్లాండ్ బాకుల ఆకారాన్ని అనుకరించి ఎస్‌ఏ దళానికి (అదే పార్టీ నడిపిన మరో దళం) గోధుమరంగు పిడితోను, ఎస్‌ఎస్‌కు నల్ల పిడితోను సోలింగెన్ పట్టణపు కత్తుల కర్మాగారాలు వీటిని తయారు చేశాయి. అలుగు సుమారు 22 సెంటీమీటర్లు ఉండాలి. "నా గౌరవం పేరు విధేయత" అనే అర్థం వచ్చే ఆ అక్షరాలను భూతద్దంతో చూడండి. యాసిడ్‌తో తొలిచిన అక్షరాల అడుగు సన్నని గరుకుతో ముదురుగా ఉంటుంది, నేటి లేజరు పనిలో ఒకే తీరు గీతలు కనబడతాయి. తరువాత అలుగును దీపం కింద ఏటవాలుగా తిప్పి చూస్తే, నడిమి గట్టు నుంచి అంచుల వైపుకు అడ్డంగా సాన పట్టిన అతి సన్నని గీతలు కనిపించాలి. అద్దంలా నున్నగా మెరుస్తుంటే ఎవరో తరువాత తోమారన్న మాట. పిడి చెక్కను చేతితో అమర్చేవారు గనుక లోహపు కట్టుతో కలిసే చోట సందు ఉండకూడదు. మిగిలిపోయిన విడిభాగాలను అతికి అమ్మినవి కూడా సంతలో చాలా తిరుగుతున్నాయి, కాబట్టి ఒక్క భాగం అసలుదైనంత మాత్రాన మొత్తం అసలుదని అనుకోవద్దు.

అలుగు వెనుక వైపు కూడా తప్పక చూడండి. 1934లో ఎస్‌ఏ అధిపతి ఎర్న్‌స్ట్ రోమ్ తన పేరుతో స్నేహపూర్వకమైన అంకితం చెక్కించి పాత సభ్యులకు బాకులు పంచాడు, ఎస్‌ఎస్‌లోనూ కొందరికి అవి అందాయి. ఆ ఏడాది జూన్ 30న మొదలైన హత్యాకాండలో అతడిని ఎస్‌ఎస్ అధికారులే కాల్చి చంపాక, ఆ రాతను గీకివేయాలని ఆదేశం వచ్చింది. కొందరు పేరు ఒక్కటే గీకారు, కొందరు వాక్యమంతా గీకారు. ఆ గీకుడు గుర్తులకు సంగ్రాహకులు ఎక్కువ ధర పెడతారు గనుక, ఇప్పుడు వాటినీ నకిలీగా చేస్తున్నారు! రాజకీయం పక్కన పెడితే పనితనం మాత్రం గొప్పదే. హిమ్లర్ బహూకరించిన కొన్ని ఖడ్గాలకైతే దమస్కస్ అలుగులు (అలల వంటి గీతలు తేలే ఉక్కువి) ఉండేవి.

రైన్ ఒడ్డు (కొలోన్):
పనితనం గురించి మీరన్నదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే ఆ దమస్కస్ అలుగుల కోసం ఎస్‌ఎస్ ఏర్పాటు చేసుకున్న కమ్మరశాల డాకౌలో ఉండేది. నిర్బంధ శిబిరం ఉన్న చోట తయారైన ఖడ్గాన్ని దాని చరిత్ర నుంచి విడదీసి కేవలం కళాఖండంగా చూడమంటే నా వల్ల కాదు.

వీటి వెనుక ఉన్న "రహస్య క్షత్రియ సంఘం" అన్న భ్రమ కూడా హిమ్లర్ కావాలని కల్పించినదే. బాకు, పుర్రె ఉంగరం, ఖడ్గం మూడూ అందులో భాగాలు. జర్మనీలో 1934లో అతడు అద్దెకు తీసుకున్న వేవెల్స్‌బుర్గ్ కోటను నేను చూశాను. దానిని విస్తరించడానికి పక్కనే నీడర్‌హాగెన్ శిబిరం నడిపారు. అక్కడికి తెచ్చిన సుమారు 3,900 మంది ఖైదీలలో కనీసం 1,285 మంది చనిపోయారు. ఇప్పటి మ్యూజియంలో ఆ కోట ఉత్తర బురుజు హాలులో, నేలలో పొదిగిన సూర్యచక్రం చుట్టూ కూర్చోవడానికి బీన్ బ్యాగులు వేసి ఉంచారు. మొదట నాకు వింతగా తోచింది గాని, ఎస్‌ఎస్‌ను ఆరాధిస్తూ అక్కడికి వచ్చేవారి గాలి తీయడానికి అంతకన్నా మంచి ఉపాయం ఉండదు. జర్మనీలో ఈ చిహ్నాలను, ఆ నినాదాన్ని బహిరంగంగా ప్రదర్శించడం శిక్షాస్మృతి 86ఎ ప్రకారం నేరం. పరిశోధన, బోధన వంటి అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉంది.

కోనసముద్రం (నిజామాబాద్):
దమస్కస్ మాట వచ్చింది గనుక ఒక్క వివరం. ఆ జర్మన్ ఖడ్గాల మీది అలలు వేరువేరు ఉక్కు పొరలను కాచి, అతికి, మడిచి కొట్టడం వల్ల వచ్చినవి. మా జిల్లాలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయినది, అది వేరు. అందులో కర్బనం లోపలే గడ్డకట్టి గీతలుగా తేలుతుంది. రెంటినీ ఒకే పేరుతో అమ్మేవారిని నమ్మకండి.

కృష్ణాతీరం (ఒహాయో):
అందరికీ ధన్యవాదాలు. అలుగు మొదట్లో కత్తి పట్టుకున్న ఉడుత ముద్ర ఉంది, అక్షరాల అడుగు గరుకుగానే ఉంది. వెనుక వైపు గీకుడు ఏమీ లేదు. పెట్టె అడుగున, ఆ బాకును స్వదేశానికి తీసుకువెళ్లవచ్చునంటూ పై అధికారి సంతకం చేసిన కాగితం కూడా దొరికింది.

పాత ఇనుము (న్యూజెర్సీ):
ఉడుత కార్ల్ ఐఖార్న్ సంస్థ ముద్ర. 1930ల మధ్య నుంచి తయారీదారుల ముద్రల స్థానంలో నాజీ పార్టీ సామగ్రి కార్యాలయపు సంఖ్యలు వచ్చాయి, కాబట్టి మీది తొలి సంవత్సరాలదై ఉండవచ్చు. ఆ కాగితాన్ని బాకు నుంచి ఎప్పుడూ వేరు చేయకండి. ఇటువంటి అలుగులు వేలకొద్దీ ఉన్నాయి, ఎవరు ఎప్పుడు తెచ్చారో చెప్పే కాగితం ఉన్నవి తక్కువ. రైన్ ఒడ్డు గారి అభ్యంతరం న్యాయమైనదే. నేను కొనడం ఆపలేదు గాని, డ్రాయింగ్ రూములో గోడకు తగిలించడం మానేశాను.

రైన్ ఒడ్డు (కొలోన్):
హోలోకాస్ట్ మ్యూజియంలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఇటువంటివి కాగితాలతో సహా ఇస్తే తీసుకుంటాయి. ముందు ఫొటోలు పంపి అడగమనండి. ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన ఉన్నవారు మాత్రం, 1959 ఆయుధ చట్టం ప్రకారం దిగుమతికి లైసెన్సు కావాలని గుర్తుంచుకోవాలి.

పాత ఇనుము (న్యూజెర్సీ):
అప్పటిదాకా తుప్పును గీకవద్దు, బ్రాసో అసలే వద్దు. చేతికి నూలు తొడుగు వేసుకుని, అలుగుకు పలుచగా మైనం రాసి, ఒర నుంచి విడిగా పొడి చోట ఉంచితే చాలు.