బాప్తిస్మం పొందకుండా నిద్రించిన మా అమ్మ దేవుని బిడ్డ కాదా?

పర్లాకిమిడి చెల్లెలు:
మా అమ్మ ఏడేళ్లు వంటింట్లో, పొయ్యి ఆర్పిన తరువాత, గోడవైపు తిరిగి ప్రార్థించుకున్నది. నాన్న ఒప్పుకోనందున నీటిలోకి దిగలేదు. జనవరిలో ఆమె ప్రభువునందు నిద్రించినప్పుడు, బాప్తిస్మం లేనివారికి సమాధుల తోటలో చోటు లేదని సంఘపెద్దలు చెప్పగా, మా పొలం గట్టునే భూస్థాపన చేశాము. విశ్వాసముంచినవారికి దేవుని పిల్లలగుటకు అధికారం ఇచ్చెనని యోహాను 1:12లో ఉన్నది కదా. ఇటువంటిది ఎదురైనవారు వ్రాయండి.

రాయగడ విశ్వాసి:
వందనాలు. నేను నాగావళిలో మునిగి లేచిన దినానే నా త్రాగుడు నన్ను విడిచింది. విశ్వాసమువలన దేవుని కుమారులమని గలతీ 3:26 చూపించేవారు, బాప్తిస్మం పొందినవారు క్రీస్తును ధరించుకొన్నారనే 27వ వచనాన్ని ఎందుకు దాటిపోతారు?

జయపురం లూథరన్:
తల్లిని పోగొట్టుకున్న ఆడబిడ్డకు ఇదా మీ జవాబు? యేసు పరదైసును వాగ్దానం చేసిన సిలువమీది దొంగ ఏ నదిలో మునిగాడు? 1882లో జర్మను మిషనరీలు వచ్చిన నాటినుండి ఈ కొండల్లో మా విశ్వాసం నిలిచి ఉన్నది. నేను పసికందుగా చిలకరింపు పొందినవాడినే.

రాయగడ విశ్వాసి:
దొంగ సంఘం పుట్టకముందే చనిపోయాడు. చిలకరింపును బాప్తిస్మం అనకండి. ఊయలలోని బిడ్డ ఏమి విశ్వసించింది?

జయపురం లూథరన్:
ఎనిమిదవ దినాన సున్నతి చేయుమన్న దేవునికి పసివారి సంగతి తెలియదా? నా తల్లిదండ్రులు నన్ను ఎత్తుకొని వెళ్లిన విశ్వాసాన్ని చులకన చేయకండి. మాట మర్యాదగా రానివ్వండి.

బరంపురం వేదాంత విద్యార్థి:
నాలుగేళ్లు గ్రీకు చదివినవాడిగా చెబుతున్నాను. యోహాను 1:12లో ‘అధికారం’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ‘ఎక్సూసియా’, అనగా హక్కు. యోహాను ‘పిల్లలు’ అన్నచోట పౌలు ‘కుమారులు’ అన్నాడు. రోమా చట్టంలో దత్తు వచ్చిన కుమారుడు పూర్తి వారసుడు గనుకనే రోమా 8:15లో దత్తపుత్రాత్మ అనే మాట వచ్చింది. దీనిని ఎరుగకుండా నీటి లోతు కొలవడం వ్యర్థం.

గుణుపురం ఉపాధ్యాయిని:
‘కుమారులు’ అని చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. ఒడియా ఆరాధనలో యోహాను వచనం ‘సంతాన’ అని వినబడుతుంది. అందులో ఆడపిల్లకూ చోటున్నది. దత్తత మాట వచ్చింది గనుక చెబుతున్నాను. నాలుగేళ్ల పిల్లను తెచ్చి పెంచుకున్నాము. కాగితాలు మొదటి నెలలోనే పూర్తయినా, రెండేళ్లపాటు అరిసె కావాలంటే గడప దగ్గర నిలబడి “తీసుకోవచ్చా అమ్మా” అని అడిగేది. ఒకనాడు అడగకుండానే డబ్బా మూత తీసి, రెండు అరిసెలు పట్టుకొని వీధిలోకి పరుగెత్తింది. నేను వంటింట్లో కూర్చుండి ఏడ్చాను. హక్కు అంటే నాకు అదే.

బరంపురం వేదాంత విద్యార్థి:
అమ్మా, గలతీ 3:28లో పురుషుడని స్త్రీ అని లేదన్నాడు కనుక ఆ వారసత్వం ఆడవారికీ చెందుతుంది.

రాయగడ విశ్వాసి:
అయినా ఆజ్ఞ ఆజ్ఞే. బాప్తిస్మమియ్యుడని చెప్పే మత్తయి 28:19 ఎవరూ ముట్టుకోలేదు.

పర్లాకిమిడి చెల్లెలు:
అన్నా, మా అమ్మ ఆజ్ఞను కాదనలేదు. ఆమెను ఇల్లు దాటనివ్వలేదు. చివరి రాత్రి ఆమె ‘తండ్రీ’ అని పిలిచినప్పుడు నాన్న మంచం ప్రక్కనే ఉన్నారు, ఎవరిని అని అడగలేదు. సమాధిరాయి చెక్కే ఆయనకు తెలుగు అక్షరాలు రావట. ఒడియాలోనే ‘సంతాన’ అని చెక్కించమని రేపు చెబుతాను.