ఊళ్లు దూరదూరంగా ఉన్న దారిలో పది రోజుల నడక: గంటలు, నీళ్లు, పాదాలు

ప్రశ్న: పది రోజులు పల్లెలు, కొండల మీదుగా నడవాలని ఉంది. రెండు ఊళ్ల మధ్య ఒక్కోచోట 25 కిలోమీటర్లు ఉంది. దారి గుర్తులు తక్కువ, సిగ్నల్ అందదు. రోజుకు ఎంత దూరం పెట్టుకోవాలి? నీళ్లు ఎన్ని మోయాలి?

జవాబు: కిలోమీటర్లు పక్కన పెట్టి గంటల్లో లెక్కేయండి. చదును నేల మీద గంటకు 5 కి.మీ., ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 25 కి.మీ.లో 900 మీటర్ల ఎక్కుడు ఉంటే ఆరున్నర గంటలు. అయితే అది ఎక్కడా ఆగకుండా నడిస్తేనే. వీపున బరువు, ముళ్లపొదలు, దారి వెతుక్కోవడం కలిస్తే తొమ్మిది గంటలకు తక్కువ పట్టదు. మొదటి మూడు రోజులు 15 కి.మీ. దాటకండి. ఊపిరికి అలవాటైనంత తొందరగా మోకాళ్లకు, మడమ స్నాయువులకు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలకు) అలవాటు కాదు.

నీళ్లు గంటకు అర లీటరు, ఎండ ఎక్కువైతే దాదాపు లీటరు. మ్యాపులో నీలిగీత కనిపించిందని వాగును నమ్ముకోవద్దు, ఎండాకాలంలో అక్కడ ఇసుకే మిగలొచ్చు. కిందటి ఊళ్లోనే అడిగి తెలుసుకుని, సరిపడా నింపుకునే బయల్దేరండి.

ఇంకో జవాబు: వాగు నీళ్లయితే పొలాలకు ఎగువనే పట్టుకోండి. పురుగుమందులు మరిగించినా పోవు. క్రిములకైతే తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే చాలు, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. సన్నగొట్టాల ఫిల్టరు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులో తడి గడ్డకడితే గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ కనపడదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములూ వస్తాయి. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగులో మీతోపాటే పెట్టుకోండి.

అడిగినవారు: థాంక్సండీ. బూట్లు కొత్తవి, మడమ దగ్గర ఒరుసుకుంటోంది. ఏం చేయాలి?

జవాబు: మడమ జారుతున్నట్టుంది. లేసు పై రెండు రంధ్రాల దగ్గర బిగించి కట్టండి. నడుస్తుండగా అక్కడ వేడిగా అనిపిస్తే వెంటనే ఆగాలి, ఊరు వచ్చాక చూద్దామనుకుంటే అప్పటికి బొబ్బ లేస్తుంది. చెమట తుడిచి, చర్మం పూర్తిగా ఆరాకే టేపు వేయండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే సాక్సుకు తగులుకుని ఊడొస్తుంది. బొబ్బ చితికినా పైతోలు పీకొద్దు.

ఫోన్ సంగతి: మ్యాపులు ముందే దించుకుని, ఇంట్లోనే నెట్ ఆపేసి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే టవర్ కోసం వెతికి బ్యాటరీ తినేయదు.