తాతయ్య సామాన్లలో దొరికిన ఈ సౌండ్ ఫిల్టర్ దేనికి వాడేవారు?

మా తాతయ్య మద్రాసులో సౌండ్ రికార్డిస్టుగా చేశారు. మొన్న అటక దులుపుతుంటే ఆయన సామాన్లలో 19 అంగుళాల ర్యాక్ ప్యానెల్ (స్టూడియో స్టాండులో బిగించే పరికరం) ఒకటి దొరికింది. దించేసరికి నడుం పట్టేసింది, అంత బరువు! కంపెనీ పేరు లేదు. పవర్ వైరూ లేదు, వాల్వులూ (పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబులు) లేవు. లోపలంతా కాయిల్స్, కెపాసిటర్లే. ఎడమ నాబ్ మీద 70, 100, 200, 300, 500 అని, కుడి నాబ్ మీద 3, 4, 5, 8 కె (వేలు) అని ఉంది. ఇవి హెర్ట్జ్‌లే అనుకుంటా: ఎడమ నాబ్ అంతకన్నా కింది శబ్దాల్ని, కుడి నాబ్ అంతకన్నా పైవాటిని కోసేస్తుందేమో. వెనక 600 ఓమ్స్ అని రాసుంది. ఎడమ నాబ్‌కి 300 దగ్గర మాత్రం పెయింట్ బాగా అరిగిపోయింది.

300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా అంటే టెలిఫోన్ గొంతు కదా! సినిమాల్లో ఫోన్ డైలాగుల కోసమా ఇది, లేక ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లో (ఫిల్మ్ అంచున గీతలుగా ముద్రించే శబ్దం) బుస తగ్గించడానికా? దీన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (కంప్యూటర్‌లోకి శబ్దం ఎక్కించే పెట్టె) కలిపితే ఔట్‌పుట్ దగ్గర 600 ఓమ్స్ రెసిస్టర్ పెట్టాలా? పాత రికార్డింగ్ థియేటర్లలో పనిచేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.