ఊరికే, ఊరుకోను: ఒక హంతకుడి కథలో రెండు మాటలు

మొన్న మన ఈ గుంపులో ఒకరు ‘మోటివ్’కి (ఒక పని, ముఖ్యంగా నేరం, ఎందుకు చేశారన్నదానికి) తెలుగులో సరైన మాట ఏమిటని అడిగితే ఉద్దేశం, కారణం, హేతువు, ప్రేరణ అని తలా ఒకటి చెప్పాం కదా. నేనూ ‘హేతువు’ అని రాసి వదిలేశాను. కానీ ఆ తర్వాత నా బుర్రలో తిరుగుతున్నది ఆ మాట కాదు, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడే మాట. ఏ కారణమూ లేకుండా ఒక పని చేస్తే మనం ఏమంటాం? రాసేటప్పుడు అకారణంగా, నిష్కారణంగా అని రాస్తాం. నోటితో మాత్రం ‘ఊరికే’ అంటాం. ఈ మాట గురించి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

పోయిన నెల పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఒక రాత్రి పాత ‘హాలోవీన్’ సినిమా పెట్టుకున్నాను. 1978లో జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన చిన్న అమెరికన్ భయానక సినిమా. పెద్దమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కానీ బొమ్మ చూస్తూ మధ్యమధ్యలో అడుగుతుంది. మొదట్లోనే 1963 అక్టోబరు 31, అంటే అక్కడి పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పండగ రాత్రి, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని హాడన్‌ఫీల్డ్ అనే ఒక కల్పిత ఊళ్ళో, మైకేల్ అనే ఆరేళ్ళ పిల్లాడు సొంత అక్కని వంటింటి కత్తితో పొడిచి చంపి, ఇంటి ముందుకొచ్చి నిలబడతాడు. అప్పుడే వచ్చిన అమ్మానాన్నలు వాడి ముఖం మీదున్న మాస్కు తీస్తారు. వాడి ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు, తప్పు చేశానన్న బెదురు కూడా లేదు. చేతిలో కత్తి అలాగే ఉంది.

“ఎందుకే చంపాడు వాడు?” అంది పెద్దమ్మ.

“ఊరికే పెద్దమ్మా” అన్నాను. అంతకు మించి చెప్పడానికి సినిమాలో ఏమీ లేదు మరి.

పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కాసేపటికి లేచి వెళ్ళి పెరటి తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చింది. వచ్చాక మళ్ళీ అడిగింది, “ఊరికే ఏమిటే?”

మర్నాడు రాత్రి దాని రెండో భాగం పెట్టాను. 1981లో వచ్చింది, దర్శకుడు రిక్ రోజెంతాల్, రాసింది మాత్రం మొదటి సినిమా రాసిన కార్పెంటర్, డెబ్రా హిల్ ఇద్దరే. మొదటి సినిమాలో 15 ఏళ్ళ తర్వాత పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న మైకేల్ లారీ అనే అమ్మాయి వెంట పడతాడు కదా, ఆ అమ్మాయి నిజానికి వాడి చెల్లెలనీ, చిన్నప్పుడే వేరే ఇంటికి పెంపకానికి ఇచ్చారనీ ఇందులో చెబుతారు. అదే పెద్దమ్మకి చెప్పాను. “ఓహో, వాళ్ళలో వాళ్ళ గొడవా” అంది. పూర్తిగా తేలికపడిపోయింది మనిషి. ఆ రాత్రి గడియ చూడలేదు. సినిమా సగంలో ఉండగానే వెళ్ళి పడుకుంది.

ఒక్క మాట తీసేసి ఇంకో మాట పెట్టినందుకు ఇంత తేడా వచ్చింది. ‘ఊరికే’ అన్నప్పుడు ఆ కత్తి ఎవరింటికైనా రావచ్చు. ‘చెల్లెలు’ అనగానే అది వాళ్ళింటి విషయం, మన పెరటి తలుపుకి దానితో సంబంధం లేదు.

మొదటి సినిమాలో లారీని వాడు ఎందుకు ఎంచుకున్నాడో చూపించే చోటు ఒక్కటే ఉంది. లారీ వాళ్ళ నాన్న ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారంలో ఉన్నాడు. పాడుబడిన మైకేల్ వాళ్ళింటి దగ్గర తాళంచెవి పెట్టి రమ్మంటాడు కూతుర్ని. ఆ అమ్మాయి బడికి పోతూ పోతూ మెట్లెక్కి, గుమ్మం దగ్గర తాళంచెవి పెట్టేసి వెళ్ళిపోతుంది. తలుపు లోపలివైపు వాడు నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత తెర మీద వాడి భుజం, ఊపిరి చప్పుడు, అంతే. ఆ పని ఆ రోజు ఇంకెవరికి చెప్పినా వాళ్ళే అయ్యేవాళ్ళు. దీనికి తెలుగులో మనకి ‘ఉత్తపుణ్యానికి’ అనే ఇంకో మంచి మాట ఉంది. “ఉత్తపుణ్యానికి నా మీద పడ్డాడు” అంటాం చూడండి, అది.

ఇప్పుడు అసలు మాట దగ్గరికి వస్తాను. ‘ఊరికే’కి పాత రూపం ‘ఊరక’. దీనికి ఊరితో, అంటే గ్రామంతో సంబంధం లేదు (“ఎందుకొచ్చావ్? ఊరికే. ఏ ఊరికి?” అని చిన్నప్పుడు అందరం ఆడుకున్నదే). ఊరక అంటే ఒకటి, మాటా పలుకూ లేకుండా. రెండు, కారణం లేకుండా. మూడు, ఖర్చో శ్రమో లేకుండా, ఆ నగల దుకాణం ప్రకటనలో డబ్బులు ఎవరికీ ఊరికే రావు అంటారే, అది. మౌనానికీ కారణం లేకపోవడానికీ ఒకే మాట ఉండటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. తమిళంలో ‘చుమ్మా’, కన్నడలో ‘సుమ్మనె’ కూడా ఇంతే. ‘చుమ్మా ఇరు’, ‘సుమ్మనిరు’ అంటే నోరు మూసుకుని ఉండు అని. చుమ్మా వచ్చాను, సుమ్మనె బందె అంటే ఊరికే వచ్చాను అని. పని లేదు, కారణం లేదు, చెప్పడానికి మాటా లేదు అన్న మూడింటినీ దక్షిణాదిలో మనం ఒకే మూటలో కట్టుకున్నాం.

ఈ మైకేల్ అనేవాడు మొదటి సినిమాలో పెద్దయ్యాక ఒక్క మాట మాట్లాడడు. ముఖానికి తెల్లరంగు పూసిన రబ్బరు మాస్కు (‘స్టార్ ట్రెక్’ అనే టీవీ సీరియల్లోని కెప్టెన్ కర్క్ పాత్ర మాస్కు కొని దానికే రంగేశారు). చివర పేర్లు పడేటప్పుడు ఆ మాస్కు వేసుకున్న నటుడు నిక్ క్యాజిల్ పేరు పక్కన పాత్ర పేరు లేదు, ‘ది షేప్’ అని ఉంటుంది. తెలుగులో ‘ఆకారం’. మనవాళ్ళు కూడా చీకట్లో భయపడినప్పుడు మనిషి అనరు, “ఏదో ఆకారం కనిపించింది” అంటారు. ఆకారానికి చుట్టాలుండరు. అందుకే వాడు మాట్లాడకుండా, ఏ కారణమూ లేకుండా వస్తే ఆ రెండూ వేరువేరు లక్షణాలు కావు, తెలుగులో చెబితే ఒకటే: వాడు ఊరక వచ్చాడు.

ఈ మాట దగ్గర పోతన పద్యం గుర్తుకు రాకుండా ఉండదు. భాగవతం దశమ స్కంధంలో గర్గ మహాముని తన ఇంటికి వచ్చినప్పుడు నందుడు అంటాడు:

ఊరక రారు మహాత్ములు
వా రధముల యిండ్లకడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!

మొదటి పాదం ‘ఊరక’తో మొదలైంది, మూడో పాదం ‘కారణము’తో (సంధిలో ‘గారణము’ అయింది). ఇది కంద పద్యం కాబట్టి నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే (ఇక్కడ ‘ర’) రావాలి, ఆ ప్రాస కుదిరింది. కానీ అర్థంలో కూడా ఆ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడ్డాయి చూడండి. మంచివాళ్ళు రావడానికి ఒక కారణం ఉంటుంది, అది మన మేలు. ఈ పద్యం మనలో ఎంత నాటుకుపోయిందంటే, గుమ్మంలోకి ఎవరొచ్చినా ఏదో పని మీదే వచ్చి ఉంటారని అనుకుంటాం. ఏ పనీ లేకుండా, మంచికీ కాకుండా, పాత పగకీ కాకుండా ఒకడు గుమ్మం ఎక్కితే ఆ రాకకి మన దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ లేచి వెళ్ళింది అందుకే.

ఇక ‘ఊరక’ నుంచే వచ్చిన క్రియ ‘ఊరుకొను’. నోరు మెదపకుండా ఉండటం, చూసీ చూడనట్టు వదిలెయ్యడం. దీనికి వ్యతిరేకం పెట్టగానే ‘ఊరుకోను’ అవుతుంది. “మా నాన్నని చంపినవాణ్ణి ఊరుకోను.” మన సినిమాల్లో పగ తీర్చుకునేవాడి మాట ఇదే కదా. అంటే ఊరికే చంపేవాడికీ ఊరుకోను అని చంపేవాడికీ మాట ఒకే చెట్టుది, మనుషులే పూర్తిగా వేరు. రెండోవాడు మనకి బాగా తెలుసు. పగ, కక్ష, కసి, దాయాది గొడవ అని వాడి కోసం మన దగ్గర బోలెడు మాటలున్నాయి. పేపర్లో ఏ హత్య వార్త చూసినా ‘పాత కక్షలే కారణం’, ‘ఆస్తి తగాదాల నేపథ్యంలో’ అని రెండో వాక్యంలోనే ఉంటుంది. అది చదివాక పేజీ తిప్పేస్తాం. నా అభ్యంతరమంతా ఇదే. ‘హాలోవీన్’ రెండో భాగం ‘ఊరికే’ వచ్చినవాణ్ణి ‘ఊరుకోను’ అనేవాడిగా మార్చేసింది.

అక్కడితో ఆగలేదు. మొదటి సినిమాని టీవీలో వేసేటప్పుడు నిడివి సరిపోలేదని కొన్ని దృశ్యాలు కొత్తగా తీసి కలిపారు. రెండో భాగం తీస్తున్నప్పుడే అవీ తీశారు. వాటిలో ఒకదాంట్లో, మైకేల్ తప్పించుకున్నాక వాడి గది తలుపు మీద ‘సిస్టర్’ అని గీకి ఉంటుంది. అంటే తర్వాత పుట్టిన కారణాన్ని వెనక్కి తీసుకెళ్ళి, అది లేని కథకి అతికించారు. 1995లో వచ్చిన ఆరో భాగంలో ఇంకా దూరం పోయి, ఒక రహస్య క్షుద్రపూజల ముఠా, ‘థార్న్’ అనే గుర్తు, సొంత కుటుంబాన్ని చంపి తీరాలన్న శాపం అన్నారు. 2007లో రాబ్ జాంబీ మళ్ళీ మొదటినుంచి తీసి, తాగి తిట్టే మనిషి ఉన్న ఇల్లు, బడిలో ఏడిపించే పిల్లలు అంటూ బాల్యం మొత్తం చూపించాడు. ఆ పిల్లాడిని చూస్తే జాలేస్తుంది, నాకూ వేసింది. జాలి మంచిదే. కానీ జాలి వేసిన చోట గడియ గుర్తుకు రాదు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. మన పురాణాల్లో రాక్షసులకి కారణాలు లేవా, జయవిజయులకి సనకాదులు శాపం పెట్టబట్టే కదా హిరణ్యకశిపుడు, రావణుడు అయ్యారు అని. ఉంది, నిజమే. కానీ ఆ కథ మనల్ని భయపెట్టడానికి చెప్పింది కాదు. వాడు కూడా చివరికి స్వామి దగ్గరికే పోతాడని ధైర్యం చెప్పడానికి చెప్పింది. అక్కడ కారణం కథకి వెన్నెముక. 1995 సినిమాలో శాపం అలాంటిది కాదు, ఐదు భాగాలు గడిచాక తగిలించిన చీటీ.

ఇంకొక అభ్యంతరం కూడా ఊహించగలను. ‘ఊరికే’ మరీ తేలిక మాట, “ఊరికే అన్నాన్లే” అని సరదాకి వాడేది, హత్యకి అది సరిపోతుందా అని. నాకు అది తేలిక మాట కావడమే దాని బలం అనిపిస్తుంది. ఆరేళ్ళ పిల్లాణ్ణి “పిల్లి తోక ఎందుకు లాగావురా?” అని అడగండి. “ఊరికే” అంటాడు. వాడికి అదే పూర్తి జవాబు, దాని వెనక ఇంకేమీ దాచుకోలేదు. ఇంటి ముందు కత్తి పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లాడి ముఖంలో నాకు కనిపించింది అదే జవాబు. ‘నిష్కారణంగా’ అంటే కోర్టు కాగితంలో మాటలా ఉంటుంది, అందులో పిల్లాడు లేడు. వాడికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ కూడా మొదటి సినిమాలో చెప్పేది ఇదే: ఎనిమిదేళ్ళు వాడి మనసుని చేరాలని చూశాడు, తర్వాత ఏడేళ్ళు వాణ్ణి బయటికి రానివ్వకుండా ఉంచాలనే చూశాడు. కారణం వెతకడమే వృత్తిగా ఉన్న మనిషి వెతకడం మానేశాడంటే అంతకంటే భయం ఏముంటుంది!

విడమరిచి చెప్పడాన్ని మనం ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు’ అంటాం. లెక్కల మాస్టారికి అది పెద్ద మెప్పు. భయపెట్టే కథ చెప్పేవాడు మాత్రం పండు ఒలవకూడదు, అసలు అది పండో కాదో కూడా చీకట్లో తెలియనివ్వకూడదు. మా అమ్మమ్మ దెయ్యం కథలు చెప్పేటప్పుడు “ఎవరే అది?” అంటే “ఏమో” అనేది. ఆ ‘ఏమో’కి మేం దుప్పటి ముసుగు పెట్టేవాళ్ళం.

2018లో వచ్చిన ‘హాలోవీన్’ మధ్యలో వచ్చిన భాగాలన్నీ పక్కన పెట్టేసి మొదటి సినిమా నుంచే కథ ఎత్తుకుంది. అందులో లారీ మనవరాలు, ఆ అన్నాచెల్లెళ్ళ మాట జనం కల్పించిందే అనేస్తుంది. నాకు అక్కడ లేచి నిలబడాలనిపించింది. మొదట్లోనే ఇద్దరు విలేకర్లు ఆసుపత్రి ఆవరణలోకి ఆ పాత మాస్కు పట్టుకెళ్ళి, వాడి వీపు వైపు చూపిస్తూ ఏదైనా చెప్పు, చెప్పు అని అరుస్తారు. చుట్టూ ఉన్న రోగులందరూ గోలపెడతారు, కుక్కలు మొరుగుతాయి. వాడు మాత్రం వెనక్కి తిరగడు. ఊరకున్నాడు. ఆ ఒక్క క్రియలో సినిమా అంతా ఉంది, దాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే మౌనానికొకటి, కారణం లేకపోవడానికొకటి రెండు మాటలు వేరువేరుగా వాడాలి.

ఇప్పుడు మీ సాయం కావాలి. తెలంగాణలో ‘ఊకె’ అంటారు, “ఊకె వచ్చిన” అంటే ఊరికే వచ్చాను. కానీ “ఊకె ఫోన్ చేస్తడు” అంటే మాటిమాటికీ చేస్తాడు అని. కోస్తాలో కూడా “పిల్ల ఊరికే ఏడుస్తోంది” అన్నప్పుడు కారణం లేకుండా అనా, ఆపకుండా అనా అన్నది రెండు రకాలుగా వినిపిస్తుంది. కారణం లేని పనికి ఆగే చోటు కూడా లేదన్న ఊహ ఏమైనా ఇందులో ఉందా, లేక ఈ రెండో అర్థం వేరే దారిలో వచ్చిందా? శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళూ, చిత్తూరు, అనంతపురం వాళ్ళూ మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ మాటని ఎలా పలుకుతారో, ‘ఉత్తినే’ అన్నదానికీ దీనికీ మీ దగ్గర తేడా ఉందో లేదో, ఒక్కో వాక్యం ఉదాహరణగా రాయండి. పెద్దమ్మ అయితే ‘ఊరికినే’ అంటుంది, ఆ ‘నే’ని కొంచెం సాగదీసి.