క్లాస్ గ్రూపులో ఒక్కరినే ఏడిపిస్తుంటే ముందు ఏం చేయాలి?

ప్రశ్న:
అమ్మాయికి 14 ఏళ్లు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో తన ఫొటోతో స్టిక్కర్లు చేసి తిప్పుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేరుతో ఫేక్ అకౌంట్ కూడా తెరిచారు. ఫోన్ తీసేసుకోవాలా, గ్రూపులోంచి బయటకు రమ్మనాలా? ఏది ముందో చెప్పండి.

జవాబు 1:
ఫోన్ మాత్రం తీసుకోకండి. పిల్లలు ఇంట్లో చెప్పకుండా దాచడానికి ఆ భయం ఒక పెద్ద కారణం. ఒకసారి లాక్కుంటే రెండోసారి నోరు విప్పరు.

గ్రూపు వదిలేముందే ఆధారాలు పట్టుకోండి. స్క్రీన్‌షాట్‌లో మెసేజ్ ఒక్కటే ఉంటే చాలదు. తేదీ, టైము, దానికి ముందూ వెనకా మాటలు ఉండాలి. నంబరు సేవ్ చేసి ఉంటే చాట్‌లో పేరే కనిపిస్తుంది; పేరు ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు కదా, అందుకే ప్రొఫైల్ తెరిచి నంబరు కనిపించేలా ఇంకొకటి తీయండి. ఫేక్ అకౌంట్ లింకు కాపీ చేసి పెట్టుకోండి. ఆ తర్వాతే రిపోర్ట్. అందులో 'వేరొకరిలా నటిస్తున్నారు' అనే కారణమే ఎంచుకోండి.

జవాబు 2:
స్నాప్‌చాట్ కూడా ఉంటే జాగ్రత్త, చాట్ స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి.

బ్లాక్ చేస్తే బడిలో కక్ష తీర్చుకుంటారని అమ్మాయి భయపడుతుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో 'రిస్ట్రిక్ట్' వాడండి. వాళ్లు కొత్తగా పెట్టే కామెంట్లు వాళ్లకే కనిపిస్తాయి, మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి పోతాయి, చదివిందో లేదో వాళ్లకు తెలియదు. వాట్సాప్ ప్రైవసీలో 'గ్రూపులు' తెరిచి, ఏడిపిస్తున్నవాళ్లను మినహాయిస్తే మళ్లీ కొత్త గ్రూపులోకి లాగలేరు.

జవాబు 3:
స్టిక్కర్లతో ఆగక నగ్న ఫొటోల దాకా వస్తే పైన చెప్పిన పద్ధతి వద్దు. ఆధారం కోసమైనా వాటిని కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి. మైనర్ల నగ్న ఫొటోలు దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో నేరం. నేరుగా పోలీసులకు చెప్పండి. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ 2023 నుంచి ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ వేలిముద్ర, అంటే ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్ మాత్రమే వెళ్తుంది. ఈ సేవలో చేరిన సైట్లు దాంతో పోల్చి ఆ ఫొటోను తీసేస్తాయి. వాట్సాప్ చాట్‌లలో మాత్రం ఇది పనిచేయదు.

జవాబు 4:
బడిలో చెప్పేటప్పుడు ఆధారాలు తేదీల వరసలో ఇవ్వండి. అమ్మాయినీ ఏడిపించినవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి 'సారీ చెప్పించే' రాజీకి దయచేసి ఒప్పుకోకండి. బలం ఒకవైపే ఉన్నప్పుడు అది అమ్మాయికి మరో అవమానం. ఫలానా తేదీలోగా ఏం చేస్తారో రాతలో అడగండి.

'నేను లేకపోతేనే బాగుంటుంది' లాంటి మాట తన నోట వస్తే ఇవన్నీ పక్కన పెట్టండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.